తలాపు కాడి స్విచ్చు

తాతారావన్న శవపేటిక చుట్టూ నిలబడి జనం పాట పాడుతుంటే, హాల్లో ట్యూబులైటు టక్‌మని ఆరిపోయింది. కరెంటు పోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పాట ఆపకుండానే అందరూ తలలు తిప్పి నావైపు చూశారు.

ఒట్టు, ఆ పని నేను చేయలేదు. చావింట్లో వేషాలు వేసేంత పాడుబుద్ధి నాకు లేదు. కానీ మెట్టుగూడలో మా సందులో ఎవరి చెప్పులు మారినా, ఎవరి బెల్లు మోగి తలుపు తీస్తే మనిషి కనపడకపోయినా, ముందు వచ్చేది పర్వతాలనే నా పేరే. నా భార్య బాలమ్మ మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"పీనుగ లేవకముందే షురూ చేసినవా?"

"నేను గాదే. అన్ననే ఆపుకున్నట్టున్నడు. పొద్దుగాల లైటెందుకని."

బాలమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. చూసినవాళ్లు పాపం ఎంత ఏడుస్తోందో అనుకున్నారు.

ఆ మాట నేను ఊరికే అనలేదు. తాతారావన్న బతికినంత కాలం చేసిన పెద్ద పని స్విచ్చులు ఆపడమే. కోస్తా నుంచి రైల్వే ఆఫీసులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. తన ఇంట్లోనే కాదు, మా ఇంటికి చాయ్ తాగడానికి వచ్చినా ముందు ఒక లైటు ఆపి తర్వాత కూర్చునేవాడు. టీవీని రిమోటుతో ఆపితే ఒప్పుకునేవాడు కాదు. "ఆ ఎర్రచుక్క వెలుగుతున్నంతసేపూ అది తింటూనే ఉంటుందయ్యా" అంటూ గోడ దాకా నడిచిపోయి ఆపేవాడు.

జీరో బల్బుకు కరెంటే కాలదని బాలమ్మ ఒకసారి అన్నది. అంతే, మమ్మల్ని ఇద్దరినీ మీటరు ముందు నిలబెట్టాడు. ఇల్లంతా బంద్ చేయించాడు. మీటరు మీద ఎర్రలైటు కన్ను మూసుకున్నట్టు ఊరుకుంది. అప్పుడు ఆ ఒక్క బల్బు వేశాడు. మేము చూస్తూ చూస్తూ ఉండగా ఎర్రలైటు ఒకసారి మిటుక్కుమంది. ఆగింది. మళ్లీ మిటుక్కుమంది.

"చూశావామ్మా? పేరే జీరో. దానికీ కడుపుంది."

నాకు చదువు అబ్బలేదు గానీ వాదన బాగా అబ్బింది. "అన్నా, రోడ్డు మీద పట్టపగలు దీపాలు వెలుగుతుంటయ్. నా టెంటు హౌస్ లైట్లు ఒక్క పెండ్లిల తాగే కరెంటు నీ ఇంటికి ఎన్ని నెలలొస్తదో. నువ్వు గా బుడ్డ బల్బు ఆపితే ఏమైతది, ఆపకుంటే ఏమైతది?"

"నీ పెళ్లిపందిరి నాకెందుకయ్యా? నా చేతికి అందేది నేను ఆపుతాను."

ఇట్లాంటి మనిషిని ఆటపట్టించకుండా ఎవరుంటారు? ఒకరోజు మా డాబా మీద నిలబడి, అద్దంతో ఎండను వాళ్ల పడకగది గోడ మీదికి కొట్టాను. ఆయన వచ్చి చూసి ఒక స్విచ్చు ఆపాడు. వెలుగు పోలేదు. ఇంకొకటి ఆపాడు. చివరికి మెయిన్ కూడా ఆపాడు. వెలుగు గోడ మీద డ్యాన్సు చేస్తూనే ఉంది. అప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను చూశాడు.

"ఒరేయ్ పర్వతాలూ! నీ సూర్యుణ్ణి కట్టెయ్యరా ముందు!"

అట్లాంటి అన్న ఒకరోజు గుండె ఆగి పోయాడు. ఆ వానాకాలమే ఆయన భార్య కాంతమణి వదినకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నారు. గాల్లోంచి ఆక్సిజన్ తీసి, సన్నగొట్టంతో ముక్కులోకి పంపే మిషన్. అది కరెంటుతో నడుస్తుంది. వాళ్ల అమ్మాయి ప్రిసిల్లా దాన్ని కిరాయికి తెచ్చింది. ఆగిపోతే కూతపెట్టే బ్యాటరీ అందులో ఎప్పుడో చచ్చిపోయింది.

డాక్టరు ప్రిసిల్లాకు ఒకటే మాట చెప్పాడట. ఆ గాలి ఆగితే మీ అమ్మ ఎక్కువసేపు తట్టుకోదు, ఆగకుండా చూసుకోవడమే మీ పని అని. కరెంటు పోతే వాడటానికి ఒక సిలిండరు మూలకు పెట్టుకున్నారు. ప్రిసిల్లా సైనిక్‌పురిలో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. ఆమె డ్యూటీకి పోయినప్పుడు నేనో బాలమ్మో పోయి చూసి వచ్చేవాళ్లం. మిగతా వేళల్లో గోడకు చెవి పెడితే చాలు. గుర్రు... ఫస్సు... గుర్రు... ఫస్సు. గోడే ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. అప్పుడప్పుడు ఆ చప్పుడు కాసేపు ఆగి మళ్లీ మొదలయ్యేది. కరెంటు డిమ్ అయిందేమో అనుకునేవాణ్ణి.

ఒకరోజు ప్రిసిల్లా సెలవు పెట్టి ఇంట్లో ఉంది. మధ్యాహ్నం మా తలుపు దబదబా బాదింది.

"అంకుల్, మీరు మా ఇంట్లోకి వచ్చారా?"

"రాలేదు బిడ్డా. ఏమైంది?"

"నిజం చెప్పండి. నేను కిచెన్‌లో ఉన్నా. మిషన్ ఆగిపోయింది. ఉరికి పోయి చూస్తే స్విచ్ ఆఫ్ చేసుంది. మమ్మీ పెదాలు అప్పటికే నల్లబడ్డాయి అంకుల్! మళ్లీ వేస్తే తేరుకుంది. ఇంకొంచెం లేటయితే?"

"బిడ్డా, దేని మీద జోకులెయ్యాల్నో దేని మీద వెయ్యద్దో నాకు ఎరుక లేదా?"

"డాడీని ఎండతో ఏడిపించింది మీరే కదా?"

విసురుగా వాళ్లింట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. బాలమ్మ కూడా నన్ను కాస్త అనుమానంగానే చూసింది. జిందగీ అంతా నవ్వించినందుకు ఒక్క తక్లీఫ్ వచ్చినప్పుడు నన్ను నమ్మే మనిషి లేకుండా పోయాడు.

తర్వాతి వారం నేను మౌలాలిలో ఒక ఫంక్షన్‌కు పందిరి వేయిస్తున్నాను. ఫోన్ మోగింది. బాలమ్మ.

"ఏమయ్యా, మళ్ల ఆగింది! నేను బువ్వ ఇయ్యనీకి పోయిన. గడప తొక్కుతుండంగనే మిషన్ బంద్. చూస్తే స్విచ్చు పైకుంది, ఉరికి పోయి వేసిన. వదిన నిద్రల ఉంది. ఇంట్ల నరపురుగు లేదు. నువ్వు జల్ది రా."

నేను మౌలాలిలో ఉన్నానని పందిరి కింద ఉన్నవాళ్లంతా సాక్ష్యం. ఆ సాయంత్రం ప్రిసిల్లా నాకు సారీ చెప్పింది. నాకు మాత్రం ఆమె తిట్టినప్పుడే నయమనిపించింది. నేను కాకపోతే మరి ఎవరు?

ఆ మాట ముగ్గురికీ తోచింది. అన్నది బాలమ్మే.

"స్విచ్చులు ఆపే మనిషి గా ఇంట్ల ఒక్కడే ఉండె."

"మేము అట్లాంటివి నమ్మం ఆంటీ," అంది ప్రిసిల్లా. కానీ ఆమె కళ్లు మాత్రం వాళ్ల నాన్న కుర్చీ వైపు పోయాయి. "నేనుండగా ఆగింది, మీరుండగా ఆగింది. ఉరికి పోయి వేశాం. ఎవరం లేనప్పుడు ఆగితే?"

గోడ అవతల గుర్రు... ఫస్సు. మేము ముగ్గురం ఆ చప్పుడునే వింటూ కూర్చున్నాం. ఒక్కో ఫస్సు తర్వాత ఇంకో గుర్రు వచ్చేదాకా నా ఊపిరి కూడా నిలబడిపోయేది.

నాకు ఆ రాత్రి ఉపాయం తట్టింది. దెయ్యమైనా సరే, అది తాతారావన్న దెయ్యం. ఆయన అలవాట్లు నాకు తెలియవా? స్విచ్చును కిందికి నొక్కితే ఆన్, పైకి నొక్కితే ఆఫ్. మన దగ్గర ఏ ఇంట్లోనైనా అంతే. ఆయన చేయి జిందగీ అంతా పైకే నొక్కింది. మరి ఆ ఒక్క స్విచ్చును తిరగేసి బిగిస్తే? ఆయన ఆపుదామని పైకి నొక్కుతాడు, అది ఆన్‌లోనే ఉంటుంది. బతికి ఉన్నప్పుడు ఎండతో మోసం చేశాను, ఇప్పుడు రెండు స్క్రూలతో చేస్తాను.

ఆదివారం పొద్దున్నే వదినకు సిలిండరు గొట్టం పెట్టించి, మెయిన్ ఆపి, మంచం తలాపు కాడి స్విచ్చును ఉల్టా బిగించాను. మిషన్ మళ్లీ షురూ అయింది.

"ఇగ చూడు బిడ్డా. పైకుంటే ఆన్, కిందికుంటే ఆఫ్. నువ్వు మాత్రం మర్చిపోవద్దు."

ప్రిసిల్లా చాలా రోజుల తర్వాత నవ్వింది. "చచ్చిపోయినవాళ్లను కూడా వదలరా అంకుల్ మీరు?"

"నీ డాడీకి నేను బాకీ ఉన్న ఆఖరి జోకు గిది. నువ్వు చర్చికి పోయి రా. నేను చూసుకుంటా."

ఆమె పోయింది. వదిన కాస్త జావ తాగి కునుకు తీసింది. నేను గది బయట, కర్టెన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నా కాపలా వదిన కోసమే. కానీ అబద్ధమెందుకు, మోసపోయిన తాతారావన్న ఏం చేస్తాడో చూడాలని నా లోపలి కోతి కూడా కూర్చుంది.

బయట ఎండ కాస్తోంది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఇంత వెలుతురులో భయమెందుకని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ గదిలో వెలుగు ఎందుకో పలచగా ఉంది. ఎవరో పక్కన నిలబడి కిటికీని సగం కప్పేసినట్టు.

అప్పుడు చేయి కదిలింది.

దుప్పటి కింది నుంచి మెల్లగా బయటికి వచ్చింది. ఆ చేతికి సన్నటి గాజు ఉంది. అది వదిన చెయ్యే. ఆమె కళ్లు మూసుకునే ఉన్నాయి. చేయి మాత్రం గోడను తడుముకుంటూ, దారి తెలిసినదానిలాగా, తలాపు కాడి స్విచ్చు దాకా పోయింది. వేలితో పైకి నొక్కింది.

"ఆపేశానండీ," అంది నిద్రలోనే, గుమ్మం దగ్గర ఎవరో అడిగినట్టు. చేయి మళ్లీ దుప్పట్లోకి పోయింది.

నాకు మొదట నవ్వొచ్చింది. నోరు మూసుకుని కదిలి కదిలి నవ్వాను. దెయ్యమా పాడా! అంత కాలం ఆ మనిషితో కాపురం చేసిన ఆడమనిషి. కునుకు తీసేముందు స్విచ్చు ఆపకుండా ఎన్నడైనా పడుకోనిచ్చాడా? ఆయన పోయినా ఆమె చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నిద్రలో ఆయన మాట వినిపిస్తే చేయి పోయి ఆపేస్తోంది. ఇప్పుడు స్విచ్చు ఉల్టా ఉంది కాబట్టి ఆమె నొక్కినా మిషన్ ఆగలేదు. గుర్రు... ఫస్సు. నా తెలివికి నేనే మురిసిపోయాను. చర్చి నుంచి రాగానే ప్రిసిల్లాకు ఎట్లా చెప్పాలో మాటలు కూడా కూర్చుకుంటున్నాను.

టక్.

స్విచ్చు కిందికి పడింది.

మిషన్ ఆగిపోయింది.

వదిన చేతులు రెండూ దుప్పట్లోనే ఉన్నాయి. గోడ దగ్గర ఎవరూ లేరు. నేను చూస్తూనే ఉన్నాను, రెప్ప కూడా వేయలేదు. ఎవరో ఒకరు, తొందర లేకుండా, జాగ్రత్తగా, ఒక్క వేలితో నొక్కినట్టు స్విచ్చు కిందికి పోయింది.

కిందికి. ఆన్ చేసేటప్పుడు నొక్కే వైపు.

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. గోడ అవతల ఆ చప్పుడు ఆగి మళ్లీ మొదలవడం కరెంటు డిమ్ అవడం వల్ల కాదు. ఇంట్లో ఎవరూ లేనన్నిసార్లూ వదిన చేయి మిషన్ ఆపుతూనే ఉంది. అయినా వదిన బతికే ఉంది. అంటే ఆమె ఆపిన ప్రతిసారీ వెనకే ఒకరు వచ్చి వేస్తున్నారు. మేము ఉరికి వచ్చిన రెండుసార్లు మాత్రం వెనక వచ్చే ఆ రెండో చేతికి అవకాశం ఇవ్వలేదు. జిందగీలో వెలిగే లైటును ఆపడమే తప్ప వేయడం తెలియని మనిషి, ఆమె పైకి నొక్కగానే తను కిందికి నొక్కుతున్నాడు. ఇవాళ కూడా అట్లాగే నొక్కాడు.

స్విచ్చును తిరగేసింది నేను.

వదిన నోరు తెరిచింది. మెడ దగ్గర గుంత లోపలికి పోయింది. పెదాలు రంగు మారుతున్నాయి. నేను స్టూలు తన్నుకుని లోపలికి ఉరికి స్విచ్చును పైకి నొక్కాను. గుర్రు... అని మిషన్ మొదలైందో లేదో, నా బొటనవేలి కింద స్విచ్చు లేచింది.

ఊగుడు బల్ల మీద ఇద్దరు పిల్లలు అటొకడు ఇటొకడు కూర్చుంటే ఒకడు లేస్తాడు చూడండి, అట్లా. నేను పై సగాన్ని నొక్కుతున్నాను. కింది సగాన్ని ఇంకెవరో నొక్కుతున్నారు. అక్కడ వేలు లేదు. కానీ బలం ఉంది. ముసలి బలం, మొండి బలం. టక్‌మని కిందికి పడింది. మిషన్ ఆగింది. నేను రెండు బొటనవేళ్లతో పైకి నొక్కాను. మళ్లీ కిందికి. వదిన చేయి గాల్లో దేన్నో పట్టుకోవాలని చూస్తోంది. సిలిండరు మూలన ఉంది. దాని దగ్గరికి పోవాలంటే స్విచ్చు వదలాలి. గొట్టం మార్చడం ప్రిసిల్లాకే వచ్చు, నాకు రాదు.

నా చెవి పక్కనే ఎవరో కోపంగా ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. నేను ఆమెను చంపుతున్నానని ఆయన అనుకుంటున్నాడు. నేను వేస్తుంటే, ఆపుతున్నానని అనుకుంటున్నాడు. నేనెప్పుడు ఏం చేసినా జోకే అనుకునే మనిషి.

"తాతారావన్నా!" అని అరిచాను. గొంతు నాది కానట్టు వచ్చింది. "ఉల్టా పెట్టిన అన్నా! స్విచ్చు ఉల్టా పెట్టిన! పైకుంటేనే ఆన్! నీ కాళ్లు మొక్కుత, గీసారి జోకు గాదు. మిషన్ సప్పుడు ఇను అన్నా, స్విచ్చు చూడకు. వదినను చూడు!"

స్విచ్చు నా వేళ్ల కింద వణికింది.

తర్వాత కింది సగం మీది బలం పోయింది. ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా, నమ్మాలా వద్దా అన్నట్టు. టక్. పైకి పోయింది. గుర్రు... ఫస్సు. గుర్రు... ఫస్సు.

నేను గోడకు ఆనుకుని కింద కూలబడ్డాను. వదిన పెదాలకు రంగు వచ్చేదాకా ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. నేను ఒక్కడినే చూడటం లేదని నాకు తెలుసు. మంచానికి అవతలివైపు పరుపు అంచు, ఎవరో కూర్చున్నంత మేర, కిందికి దిగి ఉంది.

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది.

"ఏమయ్యా పర్వతాలూ, అట్లా చెమటలు పట్టాయేంటి?"

"ఉక్కపోత వదినా."

"ఫ్యాను వేసుకోకపోయావా?" అని మళ్లీ కళ్లు మూసుకుంది.

ప్రిసిల్లా వచ్చాక వాళ్ల అమ్మ చేతి సంగతి చెప్పాను. రెండో చేతి సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె చేతిలో బైబిలు, కళ్లలో నీళ్లు చూసి మూసుకున్నాను. నేను చెప్పేది ఆమె నమ్మినా కష్టమే, నమ్మకపోయినా కష్టమే.

ఆమె చేతే సిలిండరు పెట్టించి, మెయిన్ ఆపి, మిషన్‌కు స్విచ్చు లేకుండా వైర్లను డైరెక్టుగా కలిపి టేపు చుట్టాను. ఇక ఎవరు ఏది నొక్కినా మిషన్ ఆగదు. స్విచ్చును మాత్రం పీకేయలేదు. సీదాగా తిప్పి, అదే చోట బిగించాను. దానికి ఇప్పుడు ఒక్క వైరు కూడా లేదు.

"తీసేస్తే అయిపోయేది కదా అంకుల్? ఉత్తగా ఎందుకు?" అంది ప్రిసిల్లా.

"ఉండనియ్ బిడ్డా. అలవాటు పడ్డ చేతులు. దొరక్కపోతే పరేషాన్ అయితయ్."

ఎవరి చేతులని ఆమె అడగలేదు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం నేను పోయి ఆ గదిలో కూర్చుంటున్నాను. బాలమ్మకు మాత్రం రెండు చేతుల సంగతీ చెప్పాను. ఆమె కూడా వస్తుంది గానీ లోపలికి రాదు, హాల్లో కూర్చుంటుంది. వదినకు కునుకు పడుతుంది. మిషన్ తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. కాసేపటికి దుప్పట్లోంచి చేయి వస్తుంది.

టక్. పైకి.

"ఆపేశానండీ."

మిషన్ ఆగదు. నేను ఆ స్విచ్చు వైపే చూస్తూ ఉంటాను. ఏమీ కాదని తెలుసు. దానికీ దేనికీ సంబంధం లేదని తెలుసు, ఆ వైర్లు పీకింది నేనే. అయినా కదలను. ఒక్కోరోజు తొందరగా అవుతుంది. ఒక్కోరోజు చాలాసేపు కాదు. బాలమ్మ హాల్లోంచి "అయిందా?" అని సన్నగా అడుగుతుంది.

టక్. కిందికి.

అప్పుడు లేచి ఇంటికి పోతాను.